ఎండ దేశంలో కొండెక్కాలంటే: ముందు టైము, తర్వాతే దారి

నాతో కొండకి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని కిలోమీటర్లు అక్కా?" అని. తర్వాత "ఎంత ఎత్తు?" అని. ఎండ దేశంలో ఈ రెండూ తర్వాతి సంగతులు. ముందు తేల్చుకోవాల్సింది ఏ టైముకి ఏ చోట ఉంటామన్నది. తెల్లారగట్ల హాయిగా ఎక్కిన బాటే పొద్దెక్కాక బయల్దేరితే మనిషిని కూలబడేస్తుంది. అందుకే నేను మ్యాపు కంటే ముందు గడియారం తీస్తాను. ఎండాకాలం, వానాకాలం, చలికాలం దేనికైనా ఇదే పద్ధతి. కాలాన్ని బట్టి మారేది గడువు ఒక్కటే.

లెక్క ఎప్పుడూ చివరి నుంచి మొదటికి కట్టాలి. ఎన్నింటికి బయల్దేరదాం అని కాకుండా, ఎన్నింటికల్లా కిందికి చేరాలి అని మొదలుపెట్టాలి. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు. మూడు మైళ్లకి గంట, ప్రతి రెండు వేల అడుగుల ఎక్కుడికి ఇంకో గంట. మీటర్లలో అయితే ఇంచుమించు ఐదు కిలోమీటర్లకి గంట, ఆరువందల మీటర్ల ఎక్కుడికి గంట. ఇది చలిదేశపు లెక్క, అదీ ఆగకుండా నడిచేవాళ్లది. ఎండలో దానికి సగం కలపండి.

ఆరు కిలోమీటర్ల దూరం, తొమ్మిదొందల మీటర్ల ఎక్కుడు ఉన్న కొండ అనుకుందాం. నైస్మిత్ ప్రకారం రెండు గంటల నలభై నిమిషాలు, సగం కలిపితే నాలుగు గంటలు. పైన అరగంట. దిగడానికి రెండున్నర గంటలు. మొత్తం ఏడు. నడివేసవిలో పదింటికల్లా నీడకి చేరాలన్నది నా నియమం. పదిలోంచి ఏడు తీసేస్తే మూడు. అంటే తెల్లవారుజామున మూడింటికి మొదటి అడుగు పడాలి. ఇది వినగానే సగం మంది మొహాలు వేలాడేస్తారు. మూడింటికి లేవలేమంటే తప్పేం లేదు, చిన్న కొండ చూసుకోవాలి. పెద్ద కొండని ఆలస్యంగా ఎక్కుతామంటే మాత్రం నేను రాను.

ఇదే లెక్కలోంచి ఇంకో టైము కూడా వస్తుంది, వెనక్కి తిరిగే టైము. పై ఉదాహరణలో అది ఏడున్నర. ఏడున్నరకి ఎక్కడుంటే అక్కణ్నుంచి దిగుడే. శిఖరం ఎదురుగా కనపడుతున్నా సరే, "ఇంకో పది నిమిషాలే" అని ఎవరన్నా సరే. ఈ టైముని బయల్దేరే ముందే అందరి ముందూ చెప్పి ఒప్పించుకోవాలి. పైకి వెళ్లాక మనుషులకి ఆశ పుడుతుంది, అప్పుడు ఎవరూ వినరు. ఇంట్లో ఒకరికి కూడా చెప్పి వెళ్లండి: ఏ బాట, ఎంతమంది, ఏ టైము దాటితే వెతకడానికి మనుషుల్ని పంపాలి.

ఇక నీడ. మ్యాపు మీద ఎత్తు గీతలు చూడటం అందరూ నేర్చుకుంటారు గానీ కొండ ఏ దిక్కుకి వాలుతుందో ఎవరూ చూడరు. తూర్పు వాలు మీద సూర్యుడు లేస్తూనే పడతాడు. పడమటి వాలుకి పొద్దున చాలాసేపు కొండ నీడే గొడుగు. కాబట్టి రెండు వైపులా బాటలుంటే పొద్దున పడమటి వాలు మీద నుంచి ఎక్కండి, అటునుంచే దిగండి. మధ్యాహ్నం దాటాక ఆ వాలే పొయ్యి అవుతుంది. పగటి వేడి నడినెత్తిన సూర్యుడున్నప్పుడు తారస్థాయికి చేరదు, ఇంకో రెండు మూడు గంటల తర్వాత చేరుతుంది. బండలు ఆ వేడిని పీల్చుకుని పొద్దు వాలాక కూడా వదులుతూనే ఉంటాయి. "సాయంత్రం నాలుగింటికి ఎక్కేద్దాం, చల్లబడిపోతుంది" అనేవాళ్లు చెయ్యి ఒకసారి బండ మీద పెట్టి చూడాలి.

పైకి వెళ్లే కొద్దీ చల్లబడుతుందన్నది నిజమే. సగటున వెయ్యి మీటర్లకి ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అయితే దాన్ని తిరగేసి కూడా చదువుకోవాలి: కిందికి దిగే కొద్దీ వేడి పెరుగుతుంది. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో ఇదే జనాన్ని ముంచుతుంది. అక్కడ నడక పై అంచున మొదలవుతుంది. దక్షిణపు అంచు రెండు వేల మీటర్లు దాటిన ఎత్తు. పొద్దున అక్కడ హాయిగా ఉంటుంది, దిగుడు కాబట్టి కాళ్లు వాటంతట అవే పడతాయి. అడుగున నది దగ్గరికి వచ్చేసరికి వేడి భరించలేనంత ఉంటుంది, ఎక్కాల్సిందంతా అప్పుడు ముందుంటుంది. ఎండాకాలంలో పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా లోయ లోపల నడవొద్దని అక్కడి పార్కు వాళ్లే చెబుతారు. లోయలోకి దిగే ప్రతి ట్రెక్కుకీ, ప్రతి దేశంలోనూ ఇది వర్తిస్తుంది. ముందు దిగి తర్వాత ఎక్కే బాట అయితే నా లెక్కలో దిగిన టైముకి రెండింతలు ఎక్కుడుకి వేస్తాను.

ఎండాకాలం

వాతావరణ సూచనలో చెప్పే డిగ్రీలు నీడవి. గాలి ఆడే పెట్టెలో, ఎండ తగలకుండా పెట్టిన థర్మామీటరు చెప్పిన లెక్క అది. చెట్టు లేని రాతివాలు మీద మీరున్నది ఆ పెట్టెలో కాదు. ఎండ పైనుంచి, బండ కిందినుంచి, రెండు వైపులా కాలుస్తాయి. సూచనలో నలభై అని ఉంటే బయట బండల మీద నడక ఆ రోజుకి మానుకోవడమే.

నీళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఎండలో ఎక్కుతుంటే గంటకి లీటరు చెమట పోవడం మామూలే, కొందరికి ఇంకా ఎక్కువ. మీకెంతో తెలుసుకోవడం తేలిక. నడకకి ముందు బట్టలు లేకుండా బరువు చూసుకోండి, గంట నడిచొచ్చి ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకి లీటరు చెమట పోయినట్టు. మధ్యలో తాగింది దానికి కలపండి. ఇది ఎండాకాలంలో ఒకసారి, ఉక్కపోత రోజుల్లో ఒకసారి చేసి చూస్తే మీ ఒంటి లెక్క మీకు తెలిసిపోతుంది.

పై ఉదాహరణకే నీళ్లు కడదాం. ఎక్కుడు నాలుగు గంటలు, అందులో ఎక్కువ భాగం చీకట్లో, చల్లగా. గంటకి అర లీటరు చాలు, అంటే రెండు లీటర్లు. దిగుడు రెండున్నర గంటలే, కానీ ఎండ పడ్డాక. గంటకి ముప్పావు లీటరు వేసుకుంటే అది కూడా దాదాపు రెండు లీటర్లే. తక్కువ టైముకి అన్నే నీళ్లు! మామూలుగా జనం పైకి వెళ్లేటప్పుడు మూడొంతులు తాగేసి, దిగడమే కదా అని మిగిలిన గుక్కెడుతో బయల్దేరతారు. ఆ రెండుకి రెండు కలిపి, ముట్టుకోకూడని ఒక లీటరు పైన వేస్తే మొత్తం ఐదు లీటర్లు, ఐదు కిలోలు. ఐదులో రెండు అయిపోయాయంటే వెనక్కి తిరగాల్సిందే, గడియారం ఏం చెప్పినా సరే. టైము, నీళ్లు, ఈ రెండిట్లో ఏది ముందు అయిపోతే దానిదే మాట.

అన్నీ ఒకే సీసాలో పెట్టకండి. మూత సరిగ్గా పడక, రాయి తగిలి చిల్లుపడి మొత్తం పోయినవాళ్లని చూశాను. గొట్టంతో పీల్చే నీళ్ల సంచి సుఖమే, కానీ బ్యాగు లోపల ఎంత మిగిలిందో కనపడదు. ఉన్నట్టుండి గొట్టం గుర్రుమంటుంది, అంతే. నేను సంచితో పాటు రెండు సీసాలు తప్పకుండా పెట్టుకుంటాను. పొడి ఎండలో సీసాకి తడిపిన మేజోడు తొడిగి బ్యాగు బయట, గాలి తగిలే వైపు వేలాడదీస్తే నీళ్లు తాగబుద్దేసేలా ఉంటాయి. ఉక్క రోజుల్లో ఈ కిటుకు పనిచేయదు, తడి ఆరితేనే కదా చల్లబడేది.

తాగమన్నారు కదా అని పొట్ట పట్టనంత తాగడం కూడా ప్రమాదమే. ఉప్పు లేకుండా నీళ్లే గంటలకొద్దీ తాగుతుంటే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుంటుంది. చూడటానికి అచ్చం వడదెబ్బలాగే ఉంటుంది కాబట్టి పక్కవాళ్లు ఇంకా నీళ్లు పోస్తారు, పరిస్థితి ఇంకా ముదురుతుంది. తేడా ఒకటుంది: ఇలాంటి మనిషి ఎడతెరిపి లేకుండా తాగుతూ, తరచూ తెల్లగా మూత్రానికి వెళ్తూ ఉంటాడు. అనుమానం వస్తే నీళ్లు ఆపి, ఉప్పుగా ఉన్నదేదైనా తినిపించి, కిందికి దించి డాక్టరుకి చూపించాలి. రాకుండా చూసుకోవడం తేలిక: గంటకొకసారి ఉప్పు తగిలే తిండి ఏదో ఒకటి నాలుగు ముద్దలు, మధ్యలో ఓఆర్‌ఎస్. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, గోపురం లేకుండా తలకొట్టినది. కొలత తప్పి ఉప్పు ఎక్కువ పడితే మేలు కంటే కీడే.

బట్టలు వదులుగా, నిండుగా, లేత రంగువి. చేతులకీ మెడకీ ఎండ నేరుగా తగలకూడదు. కొండ మీద కాటన్ వేయొద్దని పుస్తకాలు చెబుతాయి. చలికీ వానకీ అది సరైన సలహా. పొడి ఎండలో నాకు కాటన్ చొక్కాయే కావాలి. చెమటనీ నీటినీ పట్టి ఉంచి నెమ్మదిగా ఆరుతుంది, ఆరినంతసేపూ ఒళ్లు చల్లగా ఉంటుంది. వాగు కనపడితే చొక్కా ముంచి మళ్లీ తొడుక్కుంటాను. ఇంకొకటి, గొడుగు. కొండ మీద గొడుగేంటని నవ్వుతారు, నవ్వనివ్వండి. చెట్టు లేని బాట మీద మనతో పాటు నడిచే నీడ అదొక్కటే. గాలి ఎక్కువున్న గట్టు మీదా, చేతులు కావాల్సిన రాళ్ల మీదా మాత్రం మడిచేయాలి.

తెల్లారని నడకకి హెడ్‌ల్యాంప్, దానికి అదనపు బ్యాటరీలు. ఎండాకాలం రాత్రుళ్లు పాములు కూడా చల్లదనానికే బయట తిరుగుతాయి, కాబట్టి అడుగు పడే చోటు చూసుకుంటూ, కర్ర తాటిస్తూ నడవాలి. ఎప్పుడూ చూడని బాటలో మొదటిసారే చీకట్లో వెళ్లకండి.

వడదెబ్బ ఒక్కసారిగా వచ్చిపడదు. ముందు చెబుతుంది, మనకి వినడం రావాలి. నేను గుంపుకి చివర నడుస్తాను, అక్కణ్నుంచే అందరూ కనపడతారు. గలగలా మాట్లాడే మనిషి మౌనమైపోయాడంటే ఒక కన్ను అటు వేస్తాను. తర్వాత అడుగులు తడబడతాయి, చదును నేల మీద కూడా కాలు తగిలి తూలుతాడు. చిన్నమాటకి చిరాకు. "నన్నిక్కడ వదిలేయండి, మీరు వెళ్లిరండి" అన్నారంటే ఆ రోజుకి నడక అయిపోయినట్టే. అప్పుడు చేయాల్సింది నీడలో కూర్చోబెట్టి, బూట్లు విప్పి, తడిపి, విసిరి, ఓఆర్‌ఎస్ గుక్కగుక్కగా తాగించడం. కుర్రాళ్లు "ఏం కాదక్కా, ఐదు నిమిషాల్లో లేస్తాను" అంటారు. అరగంట లేవనివ్వను. లేచాక దిగుడే, ఎక్కుడు లేదు.

మనిషికి పేరు, రోజు, చోటు గుర్తురాకపోతే, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతుంటే, కళ్లు తేలేస్తే అది అసలు వడదెబ్బ. ఒంటి లోపలి వేడి నలభై డిగ్రీలు దాటిపోయి ఉంటుంది. చర్మం పొడిగా ఉండాలన్న నమ్మకం చాలామందిలో ఉంది. నడుస్తూ పడిపోయినవాళ్లకి చెమటలు ధారగా కారుతుండొచ్చు. ఇలాంటప్పుడు వెంటనే మోసుకుని పరిగెత్తాలనిపిస్తుంది. ఆగండి. ముందు చల్లార్చాలి, తర్వాతే మోయాలి. దగ్గర్లో వాగో మడుగో ఉంటే తల పైకి పట్టుకుని మెడ దాకా ముంచండి. లేకపోతే బట్టలు తీసేసి, గుంపులో ఉన్న నీళ్లన్నీ, ముట్టుకోకూడని ఆ లీటర్లతో సహా, ఒంటి మీద పోసి ఆపకుండా విసరాలి. మొదటి అరగంటలో ఎంత చల్లార్చగలిగామన్న దాని మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఒకరు ఆ పని చేస్తుంటే ఇంకొకరు అంబులెన్సుకి ఫోన్ చేయాలి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర వేయొద్దు, ఈ వేడి జ్వరం కాదు, మాత్రతో దిగదు.

బీపీకి నీరు తీసే మాత్రలు వాడేవాళ్లు, జలుబు మాత్ర వేసుకున్నవాళ్లు, ముందురోజు విరేచనాలైనవాళ్లు, రాత్రి మందు తాగి నిద్రపోనివాళ్లు, వీళ్లని ఆ రోజు తీసుకెళ్లను. మొహమాటపడి తీసుకెళ్తే కొండ మీద నేనే పడాలి.

మొదటి ఉరుములు

ఎండలు ముదిరి వానలు ఇంకా పడని ఆ కొన్ని వారాలంటే నాకు భయం. పొద్దున ఆకాశం అద్దంలా ఉంటుంది. పదకొండుకి కొండ తలమీద తెల్లటి మబ్బు పుడుతుంది. అది పక్కలకి పరుచుకుంటే పర్వాలేదు. గోపురంలా పైకి పెరుగుతూ అడుగు నల్లబడుతుంటే గంటలోనే దాని కింద ఎవరూ ఉండకూడదు. ఈ కాలంలో నా గడువు మధ్యాహ్నం పన్నెండు: అప్పటికి శిఖరం, గట్టు, బోడి వాలు అన్నీ వదిలి కింద ఉండాలి.

మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్పై లోపు వినపడితే మీరు పిడుగు పడే పరిధిలో ఉన్నట్టే. ఒంటరి చెట్టు కిందికి పోకండి, బండ చూరు కిందా, గుహ మూతి దగ్గరా కూడా నిలబడొద్దు. గట్టు దిగిపోయి, ఒకరికొకరు ఇరవై అడుగులన్నా ఎడంగా విడిపోండి, అందరికీ ఒకేసారి తగిలితే కాపాడేవాళ్లే ఉండరు. చివరి ఉరుము వినిపించాక ఇంకో అరగంట ఆగి బయల్దేరాలి. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొట్టదు, వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టొచ్చు.

వానాకాలం

వాన పడింది, ఎండ లేదు, ఇంక వేడి భయం లేదనుకుంటారు. 1950ల్లో అమెరికా సైన్యం శిక్షణ శిబిరాల్లో కుర్రాళ్లు వడదెబ్బకి పడిపోతుంటే, ఒంటికి తగిలే వేడిని అంచనా వేయడానికి ఒక కొలత తయారుచేశారు. యాగ్లూ, మినార్డ్ అనే ఇద్దరు 1957లో దాన్ని ప్రచురించారు. అందులో పదింట ఏడు వంతులు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరుకి, అంటే తేమకి. రెండు వంతులు ఎండలో పెట్టిన నల్ల గోళానికి. మనం రోజూ చూసే గాలి ఉష్ణోగ్రతకి దక్కింది పదోవంతు. ముప్పై రెండు డిగ్రీల ఉక్కలో అడవిబాట ఎక్కుతూ మనుషులు కూలబడటం ఇందుకే. చెమట కారి నేలపాలైతే లాభం లేదు, ఒంటి మీదే ఆరాలి. అందుకని వానాకాలంలో టైము కంటే వేగం తగ్గించడం ముఖ్యం. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడుతూ నడవగలిగితే అది సరైన వేగం.

వాగుల దగ్గర మాత్రం మళ్లీ గడియారమే. పొద్దున మోకాలి కింద దాటిన వాగు మధ్యాహ్నం వాన తర్వాత నడుము లోతవుతుంది, మీరు అవతలి ఒడ్డున చిక్కుకుంటారు. తిరుగుదారిలో వాగున్న బాటని వానాకాలంలో నేను ఎంచుకోను. తప్పకపోతే పైన ఎక్కడ వాన పడుతోందో చూస్తాను. మీ నెత్తి మీద ఎండ కాస్తున్నా ఎగువన కురిసిన వాన దిగి రావొచ్చు. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులు పుల్లలు కొట్టుకొచ్చినా, ఎగువ నుంచి లారీ వస్తున్నట్టు హోరు వినిపించినా సామాను సంగతి మరిచి ఒడ్డు ఎక్కేయాలి. జోరుగా పారే నీరు చీలమండ మీదికి జానెడు లోతున్నా పెద్ద మనిషిని పడేయగలదు.

దాటేటప్పుడు వెడల్పాటి చోటు వెతకండి. వాగు ఇరుకైన చోట దగ్గరగా కనపడుతుంది గానీ లోతూ జోరూ అక్కడే. బ్యాగు నడుం బెల్టు, ఛాతీ బెల్టు విప్పేయాలి, పడితే బ్యాగుని వదిలించుకోగలగాలి. బూట్లు విప్పకండి. మొహం ఎగువకి పెట్టి, కర్ర ఎగువన పాతి, అడ్డంగా చిన్న అడుగులు. మోకాలు దాటిందా, వెనక్కి వచ్చి కూర్చోండి. వాన ఆగితే చిన్న వాగులు కొన్ని గంటల్లోనే తీస్తాయి. ఆకలితో గడిపే ఆ గంటలు భరించొచ్చు.

జలగల గురించి జనం పడే భయం వాటి స్థాయికి మించింది. ప్యాంటు మేజోళ్లలో దోపి, పట్టుకున్నదాన్ని సన్నవైపు గోరుతో పక్కకి తోసి ఊడదీసి, కడిగి కట్టు వేస్తే అయిపోయింది. కాల్చొద్దు. పాము కాటైతే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏవీ చేయొద్దు. కాలు కదలకుండా కర్రలతో కట్టి, నడిపించకుండా మోసుకుని ఆస్పత్రికి. నాకు వానాకాలంలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది పాదాలే. రోజంతా నానిన చర్మం తెల్లగా ముడతలు పడి, మర్నాడు ఊడొస్తుంది. ఒక జత మేజోళ్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముడేయండి, గుడారంలో తప్ప వాటిని తొడగకూడదు. పొద్దున మళ్లీ తడి మేజోళ్లే వేసుకోవాలి. ఒళ్లు జలదరిస్తుంది, ఐదు నిమిషాల్లో అలవాటైపోతుంది.

వానలు వెనకబట్టాక

కొత్తవాళ్లెవరైనా మొదలుపెట్టాల్సింది ఇప్పుడే. వాగుల్లో నీళ్లుంటాయి, గాలి శుభ్రంగా ఉంటుంది. గడ్డి నిలువెత్తు పెరిగి బాట కనపడదు, అంతవరకే ఇబ్బంది. పిడుదులు గడ్డి కొసల మీద కాచుకుంటాయి కాబట్టి రాత్రి చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక వెతుక్కోండి. తెలియని బాట చూసి రావాలన్నా ఇదే కాలం.

చలికాలం

ఎండ దేశం వాళ్లకి చలి గురించి పట్టింపు ఉండదు, దుప్పటి ఒకటి చాలనుకుంటారు. నీళ్లు గడ్డకట్టే చలి అక్కర్లేదు, పది డిగ్రీల దగ్గర కూడా తడిసిన ఒంటికి గాలి తగిలితే లోపలి వేడి పడిపోతుంది. చెమటకి తడిసిన కాటన్ చొక్కాతో శిఖరం మీద ఫొటోలు దిగుతూ పావుగంట నిలబడ్డారంటే పళ్లు టకటకలాడతాయి. ఎండాకాలంలో మెచ్చుకున్న కాటన్‌ని ఇప్పుడు ఇంట్లో వదిలేయండి. పైకి చేరగానే చొక్కా మార్చి, గాలి దూరని కోటు వేసుకున్నాకే ఫోన్ తీయండి. గుడారం లోయ అడుగున వేస్తే వెచ్చగా ఉంటుందనుకోవద్దు. చల్లగాలి బరువు, రాత్రంతా కిందికి జారి అక్కడే పేరుకుంటుంది. వాలు మీద కాస్త పైకి, చదునైన చోట వేసుకుంటే ఆ తేడా తెల్లవారుజామున తెలుస్తుంది.

ఈ కాలంలో గడువు సూర్యాస్తమయం. ఉష్ణ మండలంలో సంజె వెలుగు పొద్దు గుంకాక పాతిక నిమిషాల్లోపే ఆరిపోతుంది. చలిదేశాల వాళ్లు రాసిన పుస్తకాల్లో లాగా గంటసేపు మసక వెలుతురు ఉంటుందనుకుంటే అడవిలో ఇరుక్కుంటారు. పొద్దు గుంకడానికి రెండు గంటల ముందే దిగేలా కట్టుకోండి. చల్లగా ఉంది కదా అని టోపీ మానేయకండి, ఎత్తు పెరిగే కొద్దీ అతినీల లోహిత కిరణాలు వెయ్యి మీటర్లకి పదిశాతం చొప్పున పెరుగుతాయి. పెదవులు, చెవులు, ముక్కు దూలం ముందు మాడతాయి. దాహం తెలియదు కాబట్టి గంటకొకసారి గుర్తుపెట్టుకుని తాగాలి.

చలికాలం చివర్లో ఆకు రాలి, గడ్డి ఎండి, కొండ మొత్తం నిప్పుకి సిద్ధమవుతుంది. మంట వాలు మీద పైకి పరిగెడుతుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే వేగం రెట్టింపవుతుందని అగ్నిమాపక లెక్క. పొగ కింద కనపడితే పైకి పారిపోవాలన్న తొందరని ఆపుకుని పక్కకి, బండల వైపుకో, అప్పటికే కాలిపోయిన నేల మీదికో నడవాలి. ఇప్పట్నుంచి వానలు పడేదాకా పొయ్యి వెలిగించను, గుంపులో సిగరెట్ కాల్చేవాళ్లని ముందే ఆపేస్తాను. కొండ చూరుల కింద పెద్ద తేనెపట్టులుంటాయి, అక్కడ పొగ, సెంటు, కేకలు ఏవీ పనికిరావు. లేచాయంటే మొహం కప్పుకుని దూరంగా పరుగే, నీళ్లలో దూకితే అవి పైనే తిరుగుతూ కాచుకుంటాయి.

మళ్లీ ఎండలు మొదలైన మొదటి పక్షం దగ్గర ఆగాలి. చలికాలం అంతా బాగా నడిచామన్న ధీమాతో జనం పడిపోయేది ఈ రోజుల్లోనే. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అప్పుడు చెమట తొందరగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, గుండె దడ తగ్గుతుంది. కొన్ని వారాలు వేడికి దూరంగా ఉంటే ఆ అలవాటు పోతుంది, గట్టి నడకగాళ్లకి కూడా. కాబట్టి మొదటి రోజు అరగంట, చదును నేల మీద, పొద్దెక్కాక, బరువు లేకుండా. రోజుకి పది నిమిషాలు పెంచుతూ పోండి. వారం తర్వాత బ్యాగులో రెండు లీటర్ల నీళ్లు పెట్టి చిన్న గుట్ట. రెండో వారం చివర బరువు చూసుకునే పరీక్ష మళ్లీ చేసి, కొత్తగా వచ్చిన అంకెతో నీళ్ల లెక్క, టైము లెక్క రెండూ తిరిగి కట్టుకుని, అప్పుడు పెద్ద కొండకి తారీఖు పెట్టండి.